తుమ్ము పాముది కాదు, దాని పరుపుది!

పాముకి బొచ్చు ఉండదు. కుక్కలా ఒళ్లు దులుపుకోదు. పిల్లిలా ఒళ్లంతా నాక్కుని ఆ ఉమ్మిని సోఫాకి పూయదు. నెలకో రెండు నెలలకో ఓసారి కుబుసం విడుస్తుంది, అది కూడా సాక్సు విప్పినట్టు ఒకే ముక్కగా. అందుకే అమెరికాలో ‘నాకు అలర్జీ, కుక్కని పెంచలేను’ అనుకునేవాళ్లలో కొందరు పాముల వైపు చూస్తుంటారు. తీరా ట్యాంక్ ఇంటికొచ్చి వారం తిరక్కముందే ముక్కు కారడం, కళ్లు దురద, రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు అందరూ వేలు చూపించేది పాము వైపే. తిరిగి చూపించడానికి పాపం దానికి వేళ్లు కూడా లేవు!

చాలా కేసుల్లో అసలు ముద్దాయి పాము కింద ఉంటుంది. ట్యాంక్ అడుగున రెండు మూడు అంగుళాల మందాన పరిచే చెక్క తురుము, కొబ్బరి పొట్టు, మట్టి లాంటి వాటిని సబ్‌స్ట్రేట్ అంటారు. మన భాషలో పాము పరుపు అనుకుందాం. అలర్జీ ఉన్నవాళ్లు ఆ పరుపుని ఎలా ఎంచుకోవాలన్నదే ఈ వారం టాపిక్.

ముందుగా ఇండియాలో ఉన్న ఫ్రెండ్స్‌కి ఒక మాట. నేను ఉండేది టెక్సస్‌లోని ఆస్టిన్‌లో. ఇక్కడ కార్న్ స్నేక్‌ని షాపులో కొనుక్కుని పెంచుకోవచ్చు. మన దగ్గర అలా కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాముల్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. బాల్ పైథాన్ లాంటి కొన్ని విదేశీ జాతులు ఉన్నవాళ్లు కూడా 2022 సవరణ, 2024 నియమాల ప్రకారం ప్రభుత్వం దగ్గర వాటిని నమోదు చేయించాల్సిందే. కాబట్టి ఇది చదివి ఎవరూ పొలం గట్టు మీద జెర్రిపోతుని తేవొద్దు. అయితే కుందేలు, హామ్‌స్టర్ లాంటివి పెంచుతూ, వాటి కింద రంపపు పొట్టు పరిచి తుమ్ముతున్నవాళ్లకి ఇందులో సగం విషయం పనికొస్తుంది.

ఎండితే దుమ్ము, తడిస్తే బూజు

మొత్తం కథ ఈ నాలుగు మాటల్లో ఉంది. పరుపు పొడిగా ఉంటే పాము కదిలినప్పుడల్లా సన్నటి ధూళి లేస్తుంది. ఆ ధూళి తగ్గాలని తడిపితే రెండు మూడు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఆ బూజు విడిచే స్పోర్లు గాల్లోకి ఎక్కుతాయి. ధూళి పడనివాడికి తడి పరుపు మందులా పనిచేస్తే, బూజు పడనివాడికి అదే విషం. అందుకే ‘అలర్జీ ఉన్నవాళ్లకి బెస్ట్ సబ్‌స్ట్రేట్ ఏది?’ అనే ప్రశ్నకి ఒకే జవాబు ఉండదు. ఎవరికి దేనితో అలర్జీ అన్నది తెలిస్తేనే జవాబు.

ప్యాకెట్ మీద ‘హైపోఅలర్జెనిక్’ అని పెద్ద అక్షరాలతో ఉంది కదా అంటారా? ఒంటికి పూసుకునే క్రీముల విషయంలోనే ఆ మాటకి చట్టపరమైన నిర్వచనం లేదని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. ఇక పాము పరుపు ప్యాకెట్ మీద దానికి విలువెంతో మీరే లెక్కేసుకోండి.

అనుమానితుల లిస్టు

ఆఫీసులో ప్రొడక్షన్ బగ్ వస్తే ముందు లాగ్స్ చూస్తాం కదా, ఇక్కడా అంతే. పాము ఉన్న ఇంట్లో తుమ్ములకి కారణం అయ్యేవి ముఖ్యంగా ఐదు.

ఒకటి, పరుపులోంచి లేచే ధూళి. ఇది కచ్చితంగా అలర్జీయే కానక్కర్లేదు. ముక్కు సున్నితంగా ఉన్నవాళ్లని ఉత్త ధూళి కూడా రేపుతుంది.

రెండు, చెక్కలోని ఘాటైన రసాయనాలు. వెస్టర్న్ రెడ్ సీడర్ అనే చెక్క కోసే మిల్లుల్లో పనివాళ్లకి ఆస్తమా రావడం వైద్యులకి ఏనాడో తెలిసిన విషయం. ఆ చెక్కలోని ప్లికాటిక్ యాసిడ్ దానికి కారణం.

మూడు, బూజు. తడిసిన చెక్క, పొట్టు, తీయకుండా వదిలేసిన రెట్ట దానికి పండగ భోజనం.

నాలుగు, ఎలుకలు. అవును, పాము తిండి! ఎలుకల మూత్రంలో, వాటి ఒంటి నుంచి రాలే పొట్టులో ఉండే ప్రొటీన్లు గట్టి అలర్జెన్లు. ల్యాబుల్లో ఎలుకలతో పనిచేసేవాళ్లకి వచ్చే ఆస్తమాకి ఇవే ముఖ్య కారణం. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన ఆ ప్రొటీన్లు మాయమైపోవు.

ఐదు, పాము. సరీసృపాల వల్ల నేరుగా అలర్జీ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇగువానాల మీద అలాంటి రిపోర్టులు వచ్చాయి. కాకపోతే అరుదు. అందుకే దీన్ని లిస్టులో చివర పెట్టాను. తీసేయలేదు.

వీటికి తోడు ఇంట్లో ఎప్పుడూ ఉండే డస్ట్ మైట్స్ ఒకటి. మన పరుపులు, దిండ్లలో మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతికే కంటికి కనపడని జీవులవి. గదిలో తేమ 50 శాతం దాటితే వాటికి హాయి. పాము కోసమని గదిలోనే హ్యుమిడిఫయర్ పెడితే పెరిగేది వీటి సంతతే. తేమ కావాల్సింది ట్యాంక్‌కి, బెడ్‌రూమ్‌కి కాదు.

రెండు వారాల పరీక్ష

ట్యాంక్‌లో ఉన్న పరుపు మొత్తం తీసేయండి. అడుగు తుడిచి, ప్రింటు లేని తెల్ల పేపర్ టవల్స్ నాలుగైదు పొరలు పరవండి. రెండు వారాలు అలాగే ఉంచండి. ఈలోగా ఇంకేమీ మార్చొద్దు. కొత్త ఎయిర్ ప్యూరిఫయర్, కొత్త టాబ్లెట్, దుప్పట్ల ఉతుకుడు అన్నీ ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. రోజూ పొద్దున, రాత్రి ఫోన్‌లో ఒక్క లైన్ రాసుకోండి: ఎన్ని తుమ్ములు, కళ్ల దురద ఉందా, దగ్గు వచ్చిందా, ఎలుక పెట్టిన రోజా.

రెండు వారాల్లో తేడా స్పష్టంగా కనిపిస్తే ముద్దాయి పరుపే. తిండి పెట్టిన రోజున మాత్రమే రేగితే ఎలుకల సంగతి చూడాలి. ఏ తేడా లేకపోతే పాముని, పరుపుని వదిలేసి కిటికీ బయటికి చూడండి. ఆస్టిన్ చుట్టుపక్కల డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ‘సీడర్ ఫీవర్’ అని ఊరంతా తుమ్ముతుంది. మౌంటెన్ సీడర్ పుప్పొడి వల్ల వచ్చే అలర్జీ అది. పేరుకి సీడర్ గానీ నిజానికి అది జునిపర్ చెట్టు. జనవరిలో పాముని కొని జనవరిలో తుమ్మితే, నేరం పాముదని ఎలా చెప్తాం?

అనుమానం తేలకపోతే అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చేతి మీద చిన్న చుక్కలు వేసి చేసే స్కిన్ ప్రిక్ టెస్ట్ గానీ, రక్తంలో ఐజీఈ పరీక్ష గానీ చేస్తారు. బూజు, డస్ట్ మైట్, ఎలుక వీటన్నిటికీ విడివిడిగా చూడొచ్చు. సెట్రిజిన్ లాంటి అలర్జీ మందులు వాడుతుంటే ప్రిక్ టెస్ట్‌కి కొన్ని రోజుల ముందు ఆపమంటారు, అది అడిగి తెలుసుకోండి.

ఒక్క హెచ్చరిక. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పరీక్ష సొంతంగా చేయొద్దు. ఇన్‌హేలర్ వాడకం పెరుగుతోందన్నా, రాత్రి ఆయాసంతో మెలకువ వస్తోందన్నా, రెండు వారాలు ఆగి లెక్కలు రాసుకునే టైమ్ కాదది. ముందు డాక్టర్, తర్వాతే ట్యాంక్.

ఇప్పుడు పరుపుల సంగతి

పేపర్ టవల్స్, తెల్ల న్యూస్‌ప్రింట్: ధూళి దాదాపు ఉండదు, తడిస్తే వెంటనే కనిపిస్తుంది, తీసి పారేయొచ్చు. అలర్జీ కోణంలో ఇదే ఫస్ట్ ర్యాంక్. మైనస్ ఏంటంటే కార్న్ స్నేక్‌కి తవ్వుకుని దూరడం ఇష్టం, కాగితంలో అది కుదరదు. దానికి పరిష్కారం ఉంది. వేడి వైపు ఒకటి, చల్ల వైపు ఒకటి దాక్కునే డబ్బాలు పెట్టి, మధ్యలో నలిపిన కాగితం గుట్టగా వేయండి. అట్ట గొట్టాలు నాలుగు పడేయండి. అందంగా ఉండదు, ఇన్‌స్టాలో లైకులు రావు. పాముకి మాత్రం దాక్కునే చోటు దొరుకుతుంది, దానికి కావాల్సింది అదే.

ఆస్పెన్ తురుము: కార్న్ స్నేక్ ఓనర్ల ఫేవరెట్. ఘాటు నూనెలు తక్కువున్న చెక్క. పాము సొరంగం తవ్వితే కూలిపోకుండా నిలుస్తుంది. కానీ బస్తా అడుగున చేరే పొడి చూస్తే మీకే అర్థమవుతుంది. బస్తా విప్పేది ఇంట్లో కాదు, బాల్కనీలో మాస్క్ పెట్టుకుని విప్పండి. జల్లెడ పట్టి పైన మిగిలిన పెద్ద తురుమే వాడండి. ఇది తడిస్తే త్వరగా బూజు పడుతుంది కాబట్టి తేమ ఎక్కువ కావాల్సిన బాల్ పైథాన్‌కి పనికిరాదు.

కొబ్బరి: కోనసీమ రోడ్ల పక్కన కొబ్బరి పీచు గుట్టలు చూసినవాళ్లకి ఇది కొత్త సరుకేం కాదు. ఇక్కడ ఇటుకలా నొక్కి అమ్ముతారు, నీళ్లు పోస్తే పొంగుతుంది. చాలా మటుకు మన దేశం నుంచో శ్రీలంక నుంచో వచ్చిందే. ఇందులో రెండు రకాలు. సన్నటి పొట్టు ఎండితే మెత్తటి దుమ్ము అయిపోతుంది. పెద్ద చిప్స్‌గా కోసిన డొక్కలో దుమ్ము తక్కువ. ధూళి పడదు గానీ బూజు ఇబ్బంది లేదనుకునేవాళ్లు చిప్స్ తీసుకుని, కాస్త చెమ్మగా ఉంచితే చాలు. పిండితే నీళ్లు కారుతున్నాయంటే ఎక్కువైనట్టే.

సైప్రస్ మల్చ్, ఫర్ బెరడు: తేమని పట్టి ఉంచుతాయి, ముక్కలు పెద్దవి కాబట్టి ధూళి తక్కువ. బాల్ పైథాన్ పెంచేవాళ్లు ఎక్కువగా వీటి వైపే మొగ్గుతారు. వాడే ముందు జల్లించడం మాత్రం తప్పదు.

స్ఫాగ్నమ్ నాచు: కుబుసం సులువుగా ఊడటానికి ఒక చిన్న డబ్బాలో తడిపి పెడతారు. దీన్ని పట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. చేతి మీద గాయాలుంటే ఇందులోని ఫంగస్ వల్ల స్పోరోట్రైకోసిస్ అనే చర్మవ్యాధి రావొచ్చు. బూజు పడనివాళ్లు నాచు బదులు తడి పేపర్ టవల్ వాడుకోవచ్చు, పని అదే జరుగుతుంది.

బయోయాక్టివ్: నిజమైన మట్టి, ఎండుటాకులు, మొక్కలు, వాటిని శుభ్రం చేసే చిన్న చిన్న పురుగులు. వీడియోల్లో అడవిలా భలే ఉంటుంది. కానీ ఆ మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, అందులో ఫంగస్ ఉండటం డిజైన్‌లో భాగం. బూజు అలర్జీ ఉన్నవాళ్లు దూరం నుంచే దండం పెట్టండి. ఇంకో మాట. అందులో వేసే ఐసోపాడ్‌లు పురుగుల్లా కనిపించినా రొయ్యలకి బంధువులు. రొయ్య అలర్జీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వీటి జోలికి వెళ్లొద్దు.

సీడర్: వద్దు. మీ ముక్కుకే కాదు, దాని నూనెల ఘాటు పాముకీ హాని. వాసన బాగుందని కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ వాసనే అసలు సమస్య. ఇసుక కూడా వద్దు. అందులోంచి లేచే ధూళి ఒక తలనొప్పి, ఎలుకతో పాటు పాము పొట్టలోకి వెళ్లడం ఇంకో తలనొప్పి.

అమ్మ అడిగిన అసలు ప్రశ్న

నాకు చిన్నప్పట్నుంచీ దుమ్ము పడదు గానీ, జల్లించిన ఆస్పెన్‌తో ఏ ఇబ్బందీ లేకుండా రెండేళ్లు గడిచాయి. పోయినేడాది అమ్మ ఆరు నెలలకని ఇక్కడికి బయల్దేరింది. అమ్మకి ఉబ్బసం. ఫోన్‌లో పాము సంగతి చెప్పాను.

‘పామా? ఇంట్లోనా నాన్నా?’

‘విషం లేదమ్మా, కార్న్ స్నేక్. నాలుగడుగులు కూడా లేదు.’

‘విషం సంగతి కాదురా. దాని కింద ఏం పరుస్తావు? నాకు పొట్టు పడదు కదా.’

బంధువులందరూ కాటు గురించి అడిగారు. సరైన ప్రశ్న అడిగింది అమ్మ ఒక్కతే. పెళ్లయిన కొత్తలో ఇంటి పక్కన రైస్‌మిల్లు ఊక దుమ్ముతో పడ్డ అవస్థ ఆమెకి గుర్తుంది.

అది ‘పాము కావాలా, అమ్మ కావాలా’ అనే సినిమా డైలాగ్ కాదు. అమ్మ తర్వాతే ఎవరైనా. పాముకి కూడా నేను బాధ్యుణ్ణే కాబట్టి ప్లాన్ ముందే గీసుకున్నాను. అమ్మ రావడానికి నెల ముందే ఆస్పెన్ తీసేసి కాగితానికి మార్చాను. ట్యాంక్‌ని ఆమె పడుకునే గదికి దూరంగా, హాల్లో అవతలి మూలకి జరిపాను. ఆమె గదిలో హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ పెట్టాను. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం పట్టేస్తేనే దాన్ని హెపా అంటారు. ‘హెపా టైప్’ అని రాసి ఉంటే అది వేరు, చూసి కొనండి. విజయవాడలో ఆమెని చూసే డాక్టర్‌తో మాట్లాడితే, పొద్దున, సాయంత్రం పీక్ ఫ్లో మీటర్ ఊది అంకె రాసుకోమన్నారు. ఆ అంకె ఆయన చెప్పిన గీత కిందకి దిగితే పాము ఆ రోజే ఇల్లు మారుతుందని, దాన్ని తీసుకెళ్లడానికి ఒక ఫ్రెండ్‌ని ముందే ఒప్పించి ఉంచాను.

ఆ గీత దాటలేదు. మొదటి వారం అమ్మ హాల్లోకి రావడానికే జంకింది. మూడో వారానికి దానికి సుబ్బారాయుడు అని పేరు పెట్టింది. ఆడపాము అని ఎంత చెప్పినా వినలేదు. నాగుల చవితికి పాలు పోస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. పాములు తాగేది నీళ్లే. అది తినేదేంటో చూసిన రోజు మాత్రం గుమ్మం బయట నిలబడింది!

శుభ్రం చేసే రోజే అసలు ప్రమాదం

రోజంతా ట్యాంక్ పక్కన కూర్చున్నా పీల్చనంత ధూళి, పరుపు మార్చే పావుగంటలో పీలుస్తాం. ఇంట్లో అలర్జీ లేనివాళ్లు ఉంటే ఆ పని వాళ్లకి అప్పజెప్పడం బద్ధకం కాదు, తెలివి. తప్పకపోతే ఎన్95 మాస్క్, గ్లవ్స్ వేసుకోండి. ఫ్యాన్ ఆపండి. పొడి పరుపు మీద నీళ్లు కొద్దిగా స్ప్రే చేసి, దుమ్ము అణిగాక నెమ్మదిగా కవర్లోకి తీయండి. గబగబా దులపొద్దు. మామూలు వ్యాక్యూమ్ సన్నటి ధూళిని వెనక నుంచి గదిలోకే వదులుతుంది, హెపా ఉన్నదైతేనే వాడండి. రెట్ట కనపడిన రోజే తీసేస్తే బూజుకి సగం దారి మూసేసినట్టే.

ఎలుకల్ని బతికున్నవి తేవొద్దు. గడ్డకట్టించినవి కొని, జిప్ కవర్ విప్పకుండానే గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో కరిగించండి. ఆ గిన్నె దానికే ప్రత్యేకం. ఆరోగ్యంగా కనిపించే పాములు కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియాని మోయొచ్చు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ట్యాంక్ సామాను కిచెన్ సింక్‌లో కడగకూడదు. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాములే వద్దని ఇక్కడి సీడీసీ చెప్పే మాట.

పాము కూడా పీలుస్తుంది

ఈ లెక్కలన్నీ మన ముక్కు కోసమే అనుకోకండి. పాముకి మనలా డయాఫ్రమ్ లేదు, గట్టిగా దగ్గి ఊపిరితిత్తుల్లోది బయటికి నెట్టలేదు. కార్న్ స్నేక్ లాంటి వాటికి సరిగ్గా పనిచేసేది ఒక్క కుడి ఊపిరితిత్తే. మనల్ని తుమ్మించే ధూళి, బూజు దానికి నిమోనియా దాకా తెస్తాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వచ్చినా, గురగురమంటున్నా వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. మరీ పొడిగా పెట్టినా కుబుసం ముక్కలుగా ఊడి ఇబ్బంది పడుతుంది. కార్న్ స్నేక్‌కి ట్యాంక్‌లో 40 నుంచి 60 శాతం తేమ సరిపోతుంది. చిన్న డిజిటల్ మీటర్ ఒకటి ట్యాంక్‌లో, ఒకటి గదిలో పెట్టండి.

అందుకే బూజు అలర్జీ ఉన్నవాళ్లు పరుపు కంటే ముందు పాముని ఎంచుకోవాలి. కార్న్ స్నేక్ కాగితం మీద ఆరోగ్యంగా బతకగలదు. 60 శాతం పైన తేమ కావాల్సిన బాల్ పైథాన్‌తో రోజూ బూజు మీద యుద్ధమే.

అన్నీ చేసినా తగ్గకపోతే

కాగితం పరిచారు, ట్యాంక్ జరిపారు, ప్యూరిఫయర్ పెట్టారు, అయినా పిల్లికూతలు ఆగట్లేదు. అప్పుడు పాముని వేరే ఇంటికి పంపడం ఓటమి కాదు. మందులు పెంచుకుంటూ పెంచడం ప్రేమా కాదు. కార్న్ స్నేక్ 15, 20 ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్లు ఊపిరి బిగపట్టి ఎవరూ ఉండలేరు. ఊళ్లోని రెప్టైల్ రెస్క్యూలని, హెర్పెటాలజీ సొసైటీలని అడగండి. ట్యాంక్, హీటర్ సహా ఇచ్చేస్తే తీసుకునేవాళ్లు దొరుకుతారు. ఎట్టి పరిస్థితుల్లోనూ బయట వదలొద్దు. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్‌లో జనం వదిలేసినవీ, తప్పించుకున్నవీ అయిన బర్మీస్ పైథాన్లు అక్కడి కుందేళ్లని, రకూన్లని ఎలా ఊడ్చేశాయో చూస్తూనే ఉన్నాం.

కొనే ముందే ఈ పరీక్ష పెట్టుకుంటే ఇంకా మేలు. నచ్చిన పరుపు చిన్న బస్తా కొని, ఖాళీ ట్యాంక్‌లో పోసి, రెండు వారాలు హాల్లో ఉంచి, రోజూ చేత్తో కాస్త కలపండి. ఆస్తమా ఉంటే ఇది కూడా డాక్టర్‌ని అడిగాకే. మీ ముక్కు ఊరుకుంటే అప్పుడు పాము కోసం వెళ్లండి. ఊరుకోకపోతే, ఆ పదో పదిహేనో డాలర్లకి మీరూ బతికిపోయారు, ఎక్కడో ఒక పామూ ఇల్లు మారే అవస్థ తప్పించుకుంది.